ఒక్కరికి సరిపోయే పొయ్యి

ఆ గురువారం ఉదయం కోడలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనం సెలవులో కరెంటు సామాన్ల షాపుకు వెళ్ళి ఒక చిన్న పొయ్యి కొనాలి. తర్వాత దాన్ని అత్తగారి కంట పడకుండా డాబా మీది గదికి చేర్చాలి. అంతే. ఇంత చిన్న పనికి ఇంటి ముందుకు ఫైరింజను వస్తుందని, వీధి వీధంతా బకెట్లు పట్టుకుని పరిగెత్తుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

పొయ్యి వంట కోసం కాదు, పురుగుల కోసం.

ఆ ఇంట్లో మామగారికీ కోడలికీ చేపల పిచ్చి. మామగారు లిఫ్టుల మెకానిక్‌గా రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు చీకటి గొట్టాల్లో పైకీ కిందికీ తిరిగిన మనిషి, ఉద్యోగం వదిలిన మర్నాడే చెరువు గట్టుకు చేరి, కదలకుండా నిలబడటంలో ఇంత సుఖం ఉందా అని ఆశ్చర్యపోయారు. పొడుగు కాళ్ళు, వంగిన మెడ, గంటల తరబడి ఒకే చోట జపం. వీధిలో ఆయనకు ‘కొంగ’ అనే పేరు స్థిరపడిపోయింది. కోడలు కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం మామగారికి క్యారియరు ఇవ్వడానికి గట్టుకు వెళ్ళింది. "ఒక్క నిమిషం పట్టుకో అమ్మా" అని ఆయన గాలం కర్ర చేతికిచ్చారు. ఆ ఒక్క నిమిషం మొదలై ఇప్పటికి నాలుగేళ్ళయింది.

వచ్చే ఆదివారం చెరువులో పోటీ ఉంది. బతికున్న ఎర వాడకూడదు, మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన పురుగులే గాలానికి గుచ్చాలి అని నియమం. బజార్లో దొరికే పురుగులను చూసి చూసి ఆ చెరువు చేపలకు మొహం మొత్తిందని, వాటికి కొత్తవి చూపిస్తే తప్ప లాభం లేదని మామగారి సిద్ధాంతం. కాబట్టి పురుగులు ఇంట్లోనే తయారు కావాలి.

దానికి కావలసిన సరుకు సీసాలో వస్తుంది. చూడటానికి అచ్చం పాలే. వేడి చేస్తే ముందు ముద్దకట్టినట్టు చిక్కబడుతుంది. బెంబేలు పడకుండా ఇంకాస్త వేడి చేస్తే, నూట డెబ్బై డిగ్రీల దగ్గర తేటపడి నూనెలా జారుతుంది. అప్పుడు రంగు కలిపి అచ్చులో పోస్తే, చల్లారాక వేలెడు పురుగు తోక ఊపుకుంటూ బయటికొస్తుంది. వేడి చాలకపోతే పురుగు చీకిన తాడులా తెగుతుంది. ఎక్కువైతే పసుపు రంగుకు తిరిగి, మాడి, కళ్ళు మండే పొగ కక్కుతుంది. పాలు పొంగితే పొయ్యి పాడవుతుంది. ఇది పొంగితే కాపురం పాడవుతుంది.

కాపురం దాకా ఎందుకొచ్చిందంటే, మూడు వారాల క్రితం మొదటి ప్రయత్నం వంటింట్లో జరిగింది. "ప్లాస్టిక్‌ని వేడి చెయ్యడం నాకు కొత్తా మామయ్యా? రోజుకు ఇరవై కళ్ళద్దాల ఫ్రేములు వంచుతాను" అని కోడలు ధీమాగా సీసాలోది అత్తగారి పాలగిన్నెలో పోసి గ్యాసు పొయ్యి మీద పెట్టింది. ఫ్రేము వంగే వేడి వేరు, పురుగు పుట్టే వేడి వేరు అని తెలిసేసరికి ఇంట్లో ఎవరి మొహం ఎవరికీ కనబడలేదు. రెండు రోజులు ఇల్లంతా టైరు కాలిన వాసన. పాలగిన్నె చెత్తబండి ఎక్కింది.

అత్తగారు సామాన్యురాలు కాదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆపరేషన్ థియేటర్లో హెడ్ నర్సుగా చేసింది. ఆవిడ తోమిన గిన్నెలో పసిపిల్లలకు ఆపరేషన్ చెయ్యొచ్చని పేరు. మామగారికి బీపీ అని తేలిన రోజు నుంచి, అంటే పదకొండేళ్ళుగా, ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఆవిడ బీరువాలో ఉంటుంది. అలాంటి మనిషి పాలగిన్నె శవాన్ని పట్టకారుతో పైకెత్తి చూపించి ఒకే మాట అంది. "ఇంకోసారి ఆ సీసాలోది నా పొయ్యి ఎక్కిందంటే, ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

అందుకే గురువారం ఉదయం, అత్తగారు స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో, మామాకోడళ్ళ రహస్య సమావేశం జరిగింది.

"కొనడం ఎందుకమ్మా? పాత ఇస్త్రీ పెట్టె ఉందిగా. తలకిందులు చేసి బల్లకున్న వైసు పట్టులో బిగిస్తే దాన్ని మించిన పెనం లేదు. పట్టుకు ఒక వేడి, నూలుకు ఒక వేడి, తిప్పుకోవడానికి మర కూడా ఉంది" అన్నారు మామగారు.

"పట్టుకీ నూలుకీ మధ్య నూట డెబ్బై ఎక్కడుందో మీకు తెలుసా, నాకు తెలుసా? డిగ్రీలు రాసి ఉన్నది నేను తెస్తాను. నేనొచ్చేదాకా సీసా ముట్టుకోనని మాటివ్వండి మామయ్యా."

"ముట్టుకోను."

కొంగ వచ్చి చేపను ముట్టుకోనన్నట్టుంది ఆ మాట. కానీ బస్సుకు వేళయింది కాబట్టి కోడలు నమ్మింది.

కరెంటు సామాన్ల షాపాయన పెద్దమనిషి. కళ్ళజోడు ఎడమ కాడ వదులై ముక్కు మీదికి జారుతోంది. కోడలి చూపు ముందు దాని మీదికే పోయింది. "మా షాపుకు రండి, ఒక్క స్క్రూ బిగిస్తే సరిపోతుంది" అని చెప్పి, తర్వాత అసలు సంగతికొచ్చింది.

"చిన్న పొయ్యి కావాలండీ. ఒక్కరికి సరిపోతే చాలు."

"ఒక్కరికా?" షాపాయన కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెను పరకాయించి చూశాడు. తర్వాత తీగలు ఎర్రగా కాలే పొయ్యి ఒకటి తీసి ముందు పెట్టాడు.

"ఇది వద్దండీ. దీనికి కోపం తప్ప నిదానం తెలీదు. మాది నెమ్మదిగా కాగాలి."

"అయితే ఇది చూడమ్మా, ఇండక్షను. మంట ఉండదు, పొగ ఉండదు."

"గాజు కప్పు పెడితే వేడెక్కుతుందా?"

"ఎక్కదు. దీనికి ఇనుప గిన్నే కావాలి."

"అదీ వద్దు. మైక్రోవేవ్ అయితే?" అని తనే అడిగి, షాపాయన చూపించిన పెట్టె వంక చూసి తనే తల అడ్డంగా ఊపింది. ముప్ఫై సెకండ్లు తిప్పి, తీసి, కలిపి, మళ్ళీ తిప్పుకోవచ్చు. పురుగులు చేసేవాళ్ళలో చాలామందికి అదే ఇష్టం. కానీ అది సూట్‌కేసంత ఉంది. దాన్ని చంకన పెట్టుకుని అత్తగారి ముందు నుంచి మేడ మెట్లు ఎక్కడం జరిగే పని కాదు.

చివరికి అటక మీంచి ఒక హాట్ ప్లేటు దిగింది. పళ్ళెమంత సైజు. తీగలు బయటికి కనబడవు, పైన నున్నటి ఇనుప బిళ్ళ, పక్కన డిగ్రీల అంకెలున్న మర. యాభై, వంద, నూట యాభై, రెండు వందలు. కోడలి మొహం వెలిగిపోయింది.

"ఇంట్లో పొయ్యి పాడైందామ్మా?" అట్టపెట్టె సర్దుతూ షాపాయన అడిగాడు.

"లేదండీ, అది బాగానే ఉంది. కానీ అత్తయ్యగారి పొయ్యి మీద మాది ఇంక ఉడకదు. గిన్నెలు కూడా కలవకూడదు. ఇక నుంచి ఆవిడ గిన్నెలు వేరు, మా గిన్నెలు వేరు."

"మీ ఆయనకు తెలుసా?"

"తెలీదండీ. ఆయనకు చెప్తే వాళ్ళమ్మకు చెప్పినట్టే."

షాపాయన నిట్టూర్చాడు. "పెళ్ళైన ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఈ కౌంటరు దగ్గరికి వస్తారమ్మా. ధైర్యంగా ఉండు" అని అట్టపెట్టెకు తాడు రెండు వరసలు ఎక్కువ కట్టి ఇచ్చాడు. ఒక పొయ్యి కొనడానికి ఇంత ధైర్యం ఎందుకో కోడలికి అర్థం కాలేదు. పోనీ, మంచి మనిషి, అనుకుంది.

ఆ సంభాషణ అంతా నిలువెత్తు ఫ్రిజ్జు వెనకాల నిలబడి విన్న మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ కోడలివాళ్ళ పక్కింటావిడే. వీధిలో అందరూ ‘రేడియో’ అంటారు. ఫ్యాను కొనడానికి వచ్చిన రేడియో, ఫ్యాను సంగతి మరిచిపోయి వెనక గుమ్మంలోంచి బయటపడింది.

కోడలు తన కళ్ళద్దాల షాపుకు ఫోన్ చేసి మధ్యాహ్నం సెలవు అడిగి, ఒప్పించి, బస్సు కోసం నిలబడేలోపల రేడియో ఆటోలో ఇల్లు చేరింది.

"వదినా, నాకెందుకులే గానీ..." అని మొదలుపెట్టింది. ఆవిడ నాకెందుకులే అన్నదంటే కనీసం అరగంట కార్యక్రమం. ఆ రోజు మాత్రం రెండు ముక్కల్లో తేల్చేసింది. "నీ కోడలు వేరు కుంపటి పెడుతోంది. ఒక్కరికి సరిపోయేది కొంది. నా ఈ రెండు చెవులతో విన్నాను."

అత్తగారు అరవలేదు, తిట్టలేదు. "సరే" అంది. తర్వాత బీరువా తెరిచి పాత నర్సు సంచిలోంచి తెల్ల ప్లాస్టర్ టేపు తీసింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ గట్టు మీద దించి రెండు వరసలు పెట్టింది. ఒక వరసకు ‘నావి’, ఇంకో వరసకు ‘ఆమెవి’ అని టేపు ముక్కల మీద రాసి అంటించడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి ఆగి, బస్సు డిపోలో టైమ్ కీపరుగా ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది.

"నీ పెళ్ళాం వేరు కుంపటి కొనుక్కుందట. నీకు తెలుసా?"

"వేరు కుంపటా? మాకా?"

"మీకు కాదు. ఒక్కరికి సరిపోయేదట."

బస్సులు సెకండ్లతో సహా ఎప్పుడు బయల్దేరాయో చెప్పగలిగే మనిషికి, తన పెళ్ళాం ఎప్పుడు బయల్దేరిందో తెలియలేదు. వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. కోడలు అప్పటికి బస్సులో కడ్డీ పట్టుకుని, అట్టపెట్టె చంకలో ఇరికించుకుని నిలబడి ఉంది.

"నాతో ఒక్క మాట చెప్పకుండా ఇంత పని చేస్తావా?" అన్నాడతను.

అయ్యో, తెలిసిపోయింది అనుకుంది కోడలు. "మీకు చెప్తే అత్తయ్యకు చెప్పేస్తారని మామయ్యే వద్దన్నారండీ."

"నాన్నకు తెలుసా!"

"తెలియడమేంటి, ఆయన నేను లేకుండానే మొదలెట్టేసేలా ఉన్నారు. ఆగలేకపోతున్నారు. ఉండండి, మా స్టాపొచ్చింది" అని పెట్టేసింది.

డిపో పక్కనే ఫైర్ స్టేషను. కోడలి అన్నయ్య అక్కడే ఫైరింజను డ్రైవరు. టైమ్ కీపరు అటు పరిగెత్తేసరికి ఆయన ఏదో కాలేజీలో మాక్ డ్రిల్లుకు బయల్దేరబోతున్నాడు. "నా చెల్లెలు అలాంటిది కాదు బావా. దారిలోనే కదా మీ ఇల్లు. ఐదు నిమిషాలు ఆగి, అడిగి, కడిగి వెళ్దాం. ఎక్కు" అన్నాడు. జీవితంలో మొదటిసారి టైమ్ కీపరు డ్యూటీలో ఉండగా వేళ చూసుకోకుండా బండెక్కాడు.

కోడలు పెరటి గుమ్మంలోంచి పిల్లిలా అడుగుపెట్టేసరికి ఎదురుగా వంటింట్లో అత్తగారు. గట్టు మీద రెండు వరసల గిన్నెలు, ఒక్కోదానికి తెల్లటి పట్టీ. గాయపడ్డ సైన్యంలా ఉన్నాయి. ‘ఆమెవి’ వరస చివర ఉప్పు డబ్బా కూర్చుని ఉంది.

"దాచకు. పెట్టె కనబడుతూనే ఉంది" అంది అత్తగారు.

దొరికిపోయాం, ఇక నిజం చెప్పెయ్యడమే మేలు అనుకుంది కోడలు. "తప్పయిపోయింది అత్తయ్యా. చెప్పే చేద్దామనుకున్నాం."

"ఎన్నాళ్ళ నుంచి ఈ ఆలోచన?"

"మూడు వారాల నుంచి. ఆ పాలగిన్నె గొడవైన రోజు నుంచీ."

"ఒక్క గిన్నె కోసమా!"

"మీరే కదత్తయ్యా అన్నారు, నేనన్నా ఉండాలి అదన్నా ఉండాలి అని. అందుకే పైన గదిలో విడిగా పెట్టుకుంటే మీకూ ఇబ్బంది ఉండదని..."

"పైన గదిలో! అంటే నా నెత్తి మీదే!"

"కిటికీ ఉంది కదా. గాలి బాగా ఆడుతుంది."

అత్తగారు గట్టు అంచు పట్టుకుంది. "మీ మామయ్య ఏమన్నారు?"

"అసలు ఆలోచన ఆయనదే అత్తయ్యా. నన్నొక్కదాన్నే అనకండి. ఆదివారంలోపల మొదలుపెట్టి తీరాలని ఆయనకే తొందర."

నలభై ఏళ్ళ కాపురం అత్తగారి కళ్ళ ముందు గిర్రున తిరిగింది. ఆవిడ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "ఆదివారం ఏముంది?"

"ఆదివారానికి ఎంత లేదన్నా ఓ యాభై కావాలి."

యాభై! కొత్త పొయ్యి దగ్గర యాభై మంది వరసగా కూర్చుని భోంచేస్తున్నట్టు, వాళ్ళలో తన భర్త ముందు వరసలో ఉన్నట్టు అత్తగారికి కనబడింది. చివరికి చిన్న గొంతుతో అంది. "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఉప్పు వేస్తావా?"

వృత్తి రహస్యం కూడా ఈవిడకు తెలిసిపోయిందే అని కోడలు ఆశ్చర్యపోయింది. "వెయ్యకపోతే ఎలా అత్తయ్యా? దండిగా వెయ్యాలి. ఉప్పు తగిలితే ఒకసారి నోట్లో పెట్టుకున్నది ఇంక వదలదని మామయ్యే చెప్పారు."

అంతే. అత్తగారి కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. "పదకొండేళ్ళు! పదకొండేళ్ళు చిటికెలు కొలిచి ఆ మనిషిని కాపాడుకొచ్చాను. నేనూ చప్పిడే తిన్నాను. నాకు మాత్రం నాలుక లేదా?"

థియేటర్లో రక్తం చూసి చలించని మనిషి ఒక ప్లాస్టిక్ పురుగుకు ఉప్పు వేస్తామంటే ఇంతలా ఏడవడం చూసి కోడలు గబగబా నీళ్ళ గ్లాసు తెచ్చింది. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసింది. "ఊరుకోండి అత్తయ్యా. కావాలంటే మీకూ ఓ నాలుగు ఇస్తాం."

ఆ మాటకు అత్తగారు ఏం జవాబు చెప్పేదో లోకానికి తెలియకుండానే పోయింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఫైరింజను గంట మోగింది.

గంట నిజానికి మంటల కోసం మోగలేదు. వీధి మొగలో ఎవరో స్కూటరు అడ్డంగా పెట్టారు. అది తియ్యమని అన్నయ్య మోగించాడు. కానీ ఎర్రటి బండి గంట కొడుతూ వచ్చి ఒక ఇంటి ముందు ఆగితే, స్కూటరు కోసం వచ్చిందని ఎవరనుకుంటారు? తలుపులన్నీ తెరుచుకున్నాయి. వాళ్ళు చూస్తుండగానే డాబా మీది గది కిటికీలోంచి పసుపుపచ్చటి పొగ వంకర్లు తిరుగుతూ బయటికొచ్చింది.

పొగ మాత్రం నిజమైనదే. మామగారు కోడలికిచ్చిన మాట పొద్దున పదకొండింటిదాకా నిలబెట్టుకున్నారు. తర్వాత ఇస్త్రీ పెట్టెను తలకిందులు చేసి వైసులో బిగించి, మర నూలు దగ్గరికి తిప్పి, గాజు కప్పు పైన పెట్టారు. పావుగంటకో కప్పు చొప్పున తొమ్మిది పురుగులు పాడై, పదోది అద్భుతంగా వచ్చింది. పదకొండోది సరిగ్గా తేటపడే సమయానికి గంట వినబడింది. ఫైరింజను అంటే చిన్నప్పటి నుంచీ ఆయనకు సరదా. పిట్టగోడ దగ్గరికొచ్చి కిందికి వంగి, "ఎవరింట్లోనర్రా?" అని కేకేశారు. ఇస్త్రీ పెట్టె మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

"మీ ఇంట్లోనే!" అని వీధంతా ఒక్క గొంతుతో జవాబిచ్చింది. రేడియో అందరికంటే ముందు బకెట్ ఎత్తింది. దాని వెనక ఇంకో బకెట్, దాని వెనక బిందె, ఆ వెనక ఎవరో మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా. అందరూ మేడ మెట్ల మీదికి ఎగబడ్డారు.

కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. కాగిన ప్లాస్టిక్‌లో ఒక్క నీటి చుక్క పడినా అది పేలినట్టు చిమ్మి చర్మానికి అతుక్కుంటుందని సీసా మీద ఎర్రక్షరాలతో రాసి ఉంటుంది. అక్కడ వస్తున్నవి చుక్కలు కాదు, బకెట్లు. పరిగెత్తి మెట్ల మీద చేతులు బార్లా చాపి నిలబడింది. "నీళ్ళు వద్దు! పొయ్యకండి! నీళ్ళు పోస్తే ఒళ్ళు కాలిపోతుంది!"

"ఎవర్నీ ఆర్పనివ్వడం లేదర్రా!" అని రేడియో కింది వాళ్ళకు ప్రసారం చేసింది. ఆ మాట బండి దిగుతున్న టైమ్ కీపరు చెవిన పడింది. "నన్ను వదిలేస్తే వదిలేశావు, ఇల్లెందుకు తగలబెడుతున్నావు!" అని అతను కిందనుంచే బావురుమన్నాడు. వెనక అన్నయ్య గొట్టం విప్పుతున్నాడు.

"తప్పుకోండి."

ఆ గొంతు పెద్దదేం కాదు. కానీ అది విని పెద్ద పెద్ద సర్జన్లు చేతులు పైకెత్తి గోడకు ఆనుకునేవారట. బకెట్లు రెండుగా చీలాయి. కళ్ళు తుడుచుకుంటూ అత్తగారు పైకొచ్చింది. మొహానికి మాస్కు, చేతిలో ‘నావి’ అని రాసిన స్టీలు మూత. గది గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళింది. గోడ దగ్గర ప్లగ్గు పీకింది. కప్పు మీద మూత బోర్లించింది. రెండో కిటికీ తోసింది. బయటికొచ్చి, పిట్టగోడ మీంచి తొంగి చూస్తున్న భర్తను చొక్కా పట్టుకుని గాలి వచ్చే వైపుకు లాగి నిలబెట్టింది. ఇదంతా పన్నెండు సెకండ్లలో అయిందని టైమ్ కీపరు తర్వాత చెప్పాడు.

అన్నయ్య గొట్టం భుజాన వేసుకుని రొప్పుతూ పైకొచ్చాడు. "అత్తయ్యగారూ, మంట ఎక్కడ?"

"మంట లేదు నాయనా. బుద్ధి లేదు" అంది అత్తగారు.

పొగ తగ్గాక విచారణ మొదలైంది. మామగారు, కోడలు, కొడుకు, అన్నయ్య వరసగా నిలబడ్డారు. మెట్ల మీద వీధి నిలబడింది. అత్తగారు బల్ల మీదున్న పదో పురుగును రెండు వేళ్ళతో ఎత్తింది. ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ అది తోక ఊపింది.

"ఏంటిది?"

"పురుగు అత్తయ్యా. గాలానికి."

"వంటేది?"

"వంటేంటి అత్తయ్యా?"

"మరి ఉప్పు ఎవరికి?"

"చేపకు."

"ఆ యాభై మంది?"

"మంది కాదు, పురుగులు."

రేడియో తన చేతిలోని బకెట్ నీళ్ళను దగ్గరలో ఉన్న పూలకుండీలో పోసి, ఇందుకే వచ్చినట్టు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"అయితే నువ్వు నన్ను వదిలి వెళ్ళట్లేదా?" అన్నాడు టైమ్ కీపరు.

"ఎక్కడికెళ్తానండీ, ఆదివారం పోటీ పెట్టుకుని?"

అత్తగారు మాత్రం నవ్వలేదు. భర్త వైపు తిరిగి, అందరి ముందూ అడిగేసింది. "నిజం చెప్పండి. నా చప్పిడి కూర తినలేక విసిగిపోయారా?"

మామగారు పొడుగు కాళ్ళ మీద ఒకసారి అటూ ఇటూ ఊగారు. "నీ కూరలో ఉప్పుండదని పదకొండేళ్ళుగా తెలుసు. ఆ కూర తినే పదకొండేళ్ళు బతికానని కూడా తెలుసు. ఇంకేం అడుగుతావు?"

అత్తగారు మాస్కు పైకి లాక్కుంది. లోపల మొహం ఎలా ఉందో ఎవరికీ కనబడలేదు. బల్ల మీది సీసా ఎత్తి దాని మీద రాసింది చదివి, మళ్ళీ నోరు తెరిచేసరికి గొంతు మామూలుగా ఉంది.

"నూట డెబ్బై డిగ్రీలు ఇస్త్రీ పెట్టె మీదా? సిగ్గు లేదూ? క్రిములు చావాలని థియేటర్ గాజు సామానంతా రోజూ ఆ వేడిలోనే గంట సేపు ఉంచేదాన్ని. నూట డెబ్బై అంటే ఏంటో నన్నడగాలని మీ ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఏదీ, ఆ కొన్నది ఇటు తే."

హాట్ ప్లేటు పరీక్షకు నిలబడింది. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలితో తట్టి, బిళ్ళ మీద నర్సు సంచిలోని పాత థియేటర్ థర్మామీటరు ఆనించి చూసింది. "మర మీద నూట యాభై అంటే నిజానికి నూట డెబ్బై రెండు. అంకెల్ని నమ్మకూడదు, వేడిని నమ్మాలి. పొయ్యి మంచిదే. చేసేవాళ్ళే బాగాలేరు" అని తీర్పు చెప్పింది. ఆ సాయంత్రానికే గది రూపం మారిపోయింది. కిటికీలో గాలిని బయటికి తోసే ఫ్యాను వెలిసింది. గ్లవ్సు, కంటికి అద్దాలు లేనిదే గడప దాటకూడదని ఉత్తర్వు వచ్చింది. కప్పులు పొడిగుడ్డతో తుడిచి, ఎండబెట్టి, మళ్ళీ తుడిచి తేవాలి. ఒకసారికి అరకప్పు, అంతకు మించి కాచకూడదు.

శనివారం మధ్యాహ్నానికి యాభై పురుగులు తయారయ్యాయి. ఒక్కదానిలోనూ గాలి బుడగ లేదు. దూది పరిచిన ట్రేలో, తలలన్నీ ఒకే వైపుకు పెట్టి, మత్తిచ్చి పడుకోబెట్టినట్టు ఉన్నాయి. వాటిని చేసింది కోడలూ కాదు, మామగారూ కాదు. వాళ్ళిద్దరూ బయట నిలబడి, పిలిచినప్పుడు రంగు సీసాలు అందించారు. అత్తగారికి వంటింట్లోకి దిగే తీరిక లేకపోవడంతో రెండు పూటలా కొడుకే వండాడు. అతను కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

ఆదివారం చెరువు గట్టు జనంతో కిటకిటలాడింది. పదింటికి మామగారి గాలానికి అరచేతంత చేప పడింది. పదకొండింటికి కోడలి గాలం ఒక్కసారిగా విల్లులా వంగింది. "వదలకమ్మా, వదలకు!" అని మామగారు గట్టు మీద గంతులేశారు. ఆయన అంతలా కదలడం ఆ చెరువు ఎప్పుడూ చూడలేదు. పావుగంట పెనుగులాట తర్వాత నీళ్ళు చీల్చుకుంటూ చేప పైకొచ్చింది. కోడలి చెయ్యంత ఉంది. అత్తగారి పురుగును గొంతు దాకా మింగి, ఉప్పు రుచి వదల్లేక నోరు బిగించుకునే ఉంది. గట్టంతా చప్పట్లు. అంత చేప ఆ రోజు ఇంకెవరికీ పడలేదు. ఇక బతికుండగానే తూకం వేయించి, నీళ్ళలో వదిలేస్తే బహుమతి వాళ్ళదే.

తూకం కొక్కెం పట్టుకుని న్యాయనిర్ణేత వచ్చేసరికి చేప అత్తగారి ఒళ్ళో తడిగుడ్డ మీద ఉంది. ఆవిడ చిమటాతో గాలం ముల్లు తీస్తోంది.

"అమ్మా, ఒక్క క్షణం ఇటిస్తే తూకం వేస్తాను."

"వెనక్కి జరగండి. రక్తం వస్తోంది."

"అర నిమిషమేనమ్మా. ఈ కొక్కేనికి తగిలించి..."

"పేషెంటును కొక్కేనికి తగిలిస్తారా!" అత్తగారు తలెత్తి చూసిన చూపుకు ఆయన చేతిలో తూకం దానంతటదే కిందికి దిగింది. "అత్తయ్యా, అత్తయ్యా, తూకం..." అని కోడలు అంటూనే ఉంది. ఆవిడ చేప దవడ సవరించి, రక్తం ఆగిందని చూసుకుని, రెండు చేతులతో నీళ్ళలోకి దించింది. "రెండు రోజులు గట్టి తిండి తినకు" అంది. చేప ఒక్కసారి తోక విదిల్చి, న్యాయనిర్ణేత చొక్కా తడిపి, చెరువులోకి వెళ్ళిపోయింది.

తూకం లేని చేపకు బహుమతి లేదు. అది ఎవరో కిలోన్నర చేపకు పోయింది. కోడలు గాలం కర్ర పట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ చాలాసేపు నిలబడి, చివరికి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేకపోయింది.

ఆ చేప బరువెంతో ఇప్పటికీ తేలలేదు. మామగారు ఆరు కిలోలంటారు, కోడలు ఎనిమిదికి తగ్గదంటుంది. చేతుల్లో పట్టుకుని చూసిన అత్తగారిని అడిగితే, పేషెంటు వివరాలు బయటివాళ్ళకు చెప్పకూడదంటుంది.